ఇల్లు రోజు అద్దెకిస్తే వీధికేమవుతుంది?

2023 సెప్టెంబరు 5న న్యూయార్క్ నగరం ఒక చట్టాన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టింది. ముప్పై రోజులకన్నా తక్కువ కాలానికి ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు నగర కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. అతిథులున్నన్నాళ్లూ తామూ అదే ఇంట్లో ఉండాలి. ఒకేసారి ఇద్దరికి మించి అతిథుల్ని దించుకోకూడదు. నమోదు లేని ఇంటికి బుకింగ్ తీసుకుంటే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి కంపెనీకే జరిమానా పడుతుంది. అంతకుముందు నెలలో ఇరవై రెండు వేల దాకా ఉన్న రోజు అద్దె ఇళ్ల ప్రకటనలు చూస్తుండగానే కొన్ని వేలకు పడిపోయాయి.

అప్పటినుంచి రెండు పక్షాలూ న్యూయార్క్‌నే సాక్ష్యానికి పిలుస్తున్నాయి. చట్టం కోరినవాళ్లు, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వచ్చే కొత్త మొహాలు తగ్గి తమ అపార్టుమెంట్లు మళ్లీ తమవయ్యాయని అంటున్నారు. వద్దన్నవాళ్లు, అద్దెలేమీ తగ్గలేదు కదా, హోటళ్లు మాత్రం బాగుపడ్డాయి అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

చిక్కంతా ఇక్కడే. ఈ చర్చలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముడిగా బిగుసుకున్నాయి. అద్దెలు పెరుగుతున్నాయా అన్నది ఒకటి. పక్కింటివాళ్ల బతుకు ఏమవుతోందన్నది రెండోది. వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతోందన్నది మూడోది. మొదటిదానికి దొరికే జవాబుతో మిగతా రెంటినీ కొట్టిపారేయడం వల్లే పదిహేనేళ్లుగా వాదన ముందుకు కదలడం లేదు.

గదిలో పరుపు నుంచి గొలుసు వ్యాపారం దాకా

ఇంట్లో గది ఒకటి ఖాళీ చేసి కొన్ని రోజులు అద్దెకివ్వడం కొత్త పని కాదు. నవమికి భద్రాచలంలోనూ, పుష్కరాలకు గోదావరి గట్టునా ఇంటివాళ్లు వరండాలు, మేడగదులు యాత్రికులకు ఇస్తూనే వచ్చారు. ఐరోపాలో సముద్రతీర పల్లెలదీ అదే రివాజు. ఇంటివాళ్లు ఇంట్లోనే ఉండేవాళ్లు, తిథులు ముగియగానే గదులు మళ్లీ వాళ్లవే అయ్యేవి.

2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు యువకులు తమ ఫ్లాట్‌లో గాలి పరుపులు పరిచి, డిజైన్ సదస్సుకు వచ్చినవాళ్లకు చోటిచ్చారు. మరుసటేడు మొదలైన కంపెనీయే ఎయిర్‌బీఎన్‌బీ. మొదటి ఊహ పాతదే: ఇంటివాళ్లుంటారు, ఒక గది ఇస్తారు. కానీ ప్రపంచంలో ఏ మూలనున్న ఫ్లాట్‌నైనా ఫోనులో వెతికి డబ్బు కట్టేసే వీలు రావడంతో, ఎవరూ నివసించని ఇళ్లను పదులకొద్దీ పోగేసి నడపడం లాభసాటి అయింది. 2014లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నాలుగేళ్ల బుకింగులను పరిశీలించింది. అలా అద్దెకు పోయిన ఇళ్లలో 72 శాతం చట్టవిరుద్ధంగా కనిపిస్తున్నాయని తేల్చింది. మూడు, అంతకుమించి ఇళ్లు నడిపేవాళ్లు ఓనర్లలో 6 శాతమే. ఆదాయంలో మాత్రం 37 శాతం వాళ్లదే. గది పంచుకునే గృహస్థు, ఇళ్లు పోగేసే వ్యాపారి ఒకే యాప్‌లో పక్కపక్కనే కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చిన చట్టాలన్నీ ఈ ఇద్దరినీ విడదీసే ప్రయత్నాలే.

ఆ 2014లోనే బార్సిలోనాలో సముద్రం పక్కనున్న బార్సెలోనెటా పేట జనం వీధికెక్కారు. బెర్లిన్ నివాసపు ఇళ్లను ఇతర పనులకు వాడకుండా నిషేధం తెచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో అందుకు భిన్నంగా, అప్పటిదాకా చట్టవిరుద్ధంగా సాగుతున్న పద్ధతిని షరతులతో చట్టబద్ధం చేసింది. ఒకే ఏడు, ఒకే సమస్య, మూడు ఊళ్లలో మూడు దారులు.

అద్దెల లెక్క

ఆర్థికవేత్తల మధ్య ఇప్పుడు ఒక మోస్తరు ఏకాభిప్రాయం ఉంది. రోజు అద్దె ఇళ్లు పెరిగితే స్థానిక అద్దెలు పెరుగుతాయి, సగటున కొద్దిగానే. అమెరికా మొత్తం మీద బారన్, కుంగ్, ప్రొసెర్పియో చేసిన అధ్యయనం ఒక ప్రాంతంలో ఎయిర్‌బీఎన్‌బీ ఇళ్లు 1 శాతం పెరిగితే అద్దెలు 0.018 శాతం, ఇళ్ల ధరలు 0.026 శాతం పెరిగాయని లెక్కగట్టింది. వినడానికి ఇది లెక్కలోకే రాదనిపిస్తుంది. అయితే ప్రకటనలు ఏటా ఒక్క శాతం చొప్పున పెరగలేదు. తొలి ఏళ్లలో అవి ఏడాదికేడాది అనేక రెట్లయ్యాయి. ఓనర్లే ఎక్కువగా నివసించే చోట్ల ఈ ప్రభావం తక్కువని కూడా అదే అధ్యయనం చూపింది. అంటే ఎక్కువ దెబ్బ తగిలేది అద్దెకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న పేటలకే.

సగటు దాచేసేదాన్ని బార్సిలోనా బయటపెట్టింది. గార్సియా-లోపెజ్ బృందం 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎయిర్‌బీఎన్‌బీ కార్యకలాపం మామూలుగా ఉన్న పేటల్లో అద్దెలు 1.9 శాతం పెరిగాయి. అది అత్యధికంగా ఉన్న పేటల్లో పెరుగుదల 7 శాతం, ఇళ్ల అమ్మకం ధరల్లో 17 శాతం. పెద్ద నగరంలో 1.9 శాతం వార్త కాదు. నగరం నడిబొడ్డున నలభై ఏళ్లుగా అద్దెకున్న కుటుంబానికి 7 శాతం అంటే పేట మారాల్సిన సంగతి. నగర సగటు చూపి ఆ కుటుంబాన్ని సమాధానపరచాలని చూడటం అన్యాయం.

చట్టం తెస్తే ఏమవుతుంది? లాస్‌ ఏంజెలెస్ చుట్టుపక్కల పట్టణాల్లో కొన్ని రోజు అద్దెలను కట్టడి చేశాయి, కొన్ని చేయలేదు. సరిహద్దుకు అటూ ఇటూ పోల్చి చూసిన కోస్టర్ బృందం, కట్టడి ఉన్న వైపు ప్రకటనలు సగానికి తగ్గాయని, ఇళ్ల ధరలు, అద్దెలు దాదాపు 2 శాతం దిగాయని తేల్చింది. ప్రకటనలు సగమైతే అద్దె రెండు శాతం దిగింది. ఈ ఒక్క పోలికను గుర్తుంచుకుంటే ఇరువైపులా వినిపించే అతిశయోక్తులు చాలావరకు వాటంతటవే రాలిపోతాయి.

ఈ లెక్కల పద్ధతినే తప్పుపట్టే మరో వర్గం ఉంది. భూగోళ శాస్త్రజ్ఞులు, నగర పరిశోధకులు అందులో ముఖ్యులు. బార్సిలోనా మీద పనిచేసిన అగుస్తీన్ కోకోలా-గంట్, మాంట్రియాల్‌కు చెందిన డేవిడ్ వాక్స్‌ముత్ లాంటివాళ్ల వాదన ప్రకారం, అద్దె పెరగడం జరిగే మార్పులో ఒక ముక్క మాత్రమే. ఏడాది అద్దెకన్నా రోజు అద్దెలో ఎక్కువ రాబడి కనబడగానే, ఓనరుకు పాత కిరాయిదారును కదిలించాలన్న ఒత్తిడి మొదలవుతుంది. అద్దె పెంచకపోవచ్చు. గడువు ముగిశాక ఒప్పందం మళ్లీ రాయకుండా ఊరుకుంటే చాలు. ఖాళీ చేసిన కుటుంబం ఏ అద్దెల పట్టికలోనూ కనిపించదు.

వ్యాపార పక్షం వాదన సూటిగా ఉంటుంది: ఇళ్లు చాలినన్ని కట్టకపోవడమే అసలు జబ్బు, రోజు అద్దెలను బలిచేస్తే అది నయం కాదు. న్యూయార్క్ అంకెలు ఈ మాటకు బలమిస్తాయి. 2023 సర్వేలో అక్కడ ఖాళీగా ఉన్న అద్దె ఇళ్లు 1.4 శాతమే. 1968 తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ లేదు. నగరంలో అద్దె ఇళ్లు ఇరవై లక్షలకు పైమాటే. ఇరవై వేల ప్రకటనలు మాయమైనా, ఆ ఇళ్లన్నీ ఏడాది అద్దెకు తిరిగొచ్చినా, మొత్తంలో అది ఒక్క శాతం. కాబట్టి అద్దెలు దిగుతాయని మాటిచ్చి చట్టం తెచ్చిన నాయకులు చేయకూడని వాగ్దానం చేశారు. చట్టం అవసరమా కాదా అన్నది మాత్రం ఆ వాగ్దానం మీద ఆధారపడిన విషయం కాదు.

గోడ అవతలి సంగతి

పక్కింటివాళ్ల ఫిర్యాదు ఎక్కువగా అద్దె గురించి కాదు. రాత్రి రెండింటికి మోగే బెల్లు, మెట్ల మీద చెత్త, ఏ వారం ఎవరుంటారో తెలియని ఎదురు తలుపు. వీటిని చిన్న విషయాలనడానికి లేదు. 2019 అక్టోబరు 31 రాత్రి కాలిఫోర్నియాలోని ఒరిండాలో రోజు అద్దెకు తీసుకున్న ఇంట్లో జరిగిన పార్టీలో కాల్పులకు ఐదుగురు చనిపోయారు. పార్టీల కోసం నడిపే ఇళ్లను నిషేధిస్తున్నట్టు ఎయిర్‌బీఎన్‌బీ ఆ తర్వాతే ప్రకటించింది.

అలాంటి ఘోరాలు అరుదు. అరుదుగా కాకుండా రోజూ జరిగేదేమిటో బోస్టన్ మీద జరిగిన ఒక పరిశోధన వెతికింది. నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన దాని ప్రకారం, ఒక పేటలో రోజు అద్దె ఇళ్ల సాంద్రత పెరిగాక హింసాత్మక నేరాలు పెరిగాయి. అవి వెంటనే పెరగలేదు, ఏడాది, రెండేళ్ల తర్వాత పెరిగాయి. పర్యాటకులే కారణమైతే వాళ్లు వచ్చిన ఏడే కనిపించాలి. అందువల్ల ఇరుగుపొరుగుకు ఒకరినొకరు ఎరిగి ఉండటం, కనిపెట్టి ఉండటం సన్నగిల్లడమే కారణం కావచ్చని వాళ్లు భావించారు. ఒక నగరం నుంచి వచ్చిన ఫలితమే అయినా, ఇది నివాసులు ఏళ్లుగా చెబుతున్న మాటకు దగ్గరగా ఉంది.

దుకాణాల్లోనూ మార్పు కనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ మీద అల్మాగ్రో, డొమింగెజ్-ఈనో చేసిన అధ్యయనం, పర్యాటకులు పెరిగిన పేటల్లో అంగళ్లు, సేవలు వాళ్ల అవసరాలవైపు ఒరిగాయని చూపింది. చెప్పులు కుట్టే చోటు, పిల్లల బడి, మందుల షాపు ఒక్కొక్కటే తగ్గితే అద్దె పెరగకపోయినా ఆ పేటలో కాపురం కష్టమవుతుంది. వెనిస్ దీనికి చివరి మజిలీ. 1951లో పాత నగరంలో సుమారు లక్షా డెబ్బై ఐదు వేల మంది ఉండేవాళ్లు. ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. ఆ పతనం రోజు అద్దెలకన్నా చాలా ముందే మొదలైంది, కనుక నింద మొత్తం వాటి మీద వేయలేం. కానీ మిగిలిన కొద్దిమంది ఖాళీ చేసిన ఇళ్లు తిరిగి కాపురాలకు రాకుండా చేస్తున్నది ఇవే.

నిబంధనలు ఎన్ని తీర్లు?

నగరాలు పట్టుకున్న దారులు స్థూలంగా మూడు. మొదటిది రోజుల పరిమితి. లండన్‌లో ఏడాదికి 90 రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో గరిష్ఠంగా 30, జపాన్‌లో 180. పారిస్ తన 120 రోజుల హద్దును 2025 నుంచి 90కి కుదించింది. రెండోది ఓనరు నివాసం: న్యూయార్క్, శాంటా మోనికా, 2024 మే నుంచి బ్రిటిష్ కొలంబియా ఈ దారిలో ఉన్నాయి. మూడోది లైసెన్సుల సంఖ్యను, ప్రాంతాన్ని బిగించడం. బార్సిలోనా 2017 ప్రణాళిక, ఫ్లోరెన్స్ పాత నగరంలో 2023లో కొత్తవాటికి వేసిన అడ్డుకట్ట ఈ కోవలోవి.

ఏది మేలైనది అన్న చర్చే ఎక్కువగా జరుగుతుంది. నిజానికి ఫలితాన్ని తేల్చేది నిబంధన రకం కాదు, దాన్ని కనిపెట్టే ఏర్పాటు. లండన్ పరిమితి 2015 నుంచీ చట్టంలో ఉంది. కానీ ఏ ఇల్లు ఎన్ని రాత్రులు అద్దెకు పోయిందో చెప్పే రిజిస్టరు లేదు. ఒక యాప్ తొంభై రాత్రులు కాగానే ఆపేస్తే, ఓనరు మరో యాప్‌కు మారతాడు. స్థానిక కౌన్సిల్ ఉద్యోగులు ప్రకటనల ఫొటోల్లో కిటికీలు చూసి ఇల్లు గుర్తుపట్టాల్సిన పరిస్థితి. జపాన్‌లో నమోదు సంఖ్య తప్పనిసరి చేసి, అది లేని ఇంటిని తీసేయాల్సిన బాధ్యతను కంపెనీల మీద పెట్టారు. 2018 జూన్‌లో చట్టం అమలు కాకముందే ఎయిర్‌బీఎన్‌బీ అక్కడి ఇళ్లలో దాదాపు ఐదింట నాలుగు వంతులు తొలగించింది. అదే ఏడు జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ నమోదు లేనివి తీసేయగానే జాబితా సుమారు సగమైంది. మూడేళ్ల కిందటే అక్కడ చట్టం ఉంది, ఫలితం మాత్రం కంపెనీ బాధ్యత వహించాకే వచ్చింది.

ఈ పాఠం ఐరోపాకు ఎక్కింది. స్పెయిన్ 2025 మేలో నిబంధనలు పాటించని 65 వేలకు పైగా ప్రకటనలను తీసేయమని ఎయిర్‌బీఎన్‌బీని ఆదేశించింది. కంపెనీలు ప్రతి ఇంటి వివరాలనూ అధికారులకు ఇవ్వాలన్న ఐరోపా సమాఖ్య నిబంధన 2024లో వచ్చింది. దానికి 2026 మే 20ని అమలు తేదీగా పెట్టారు.

కోర్టులు ఎటువైపు?

ఒకవైపు లేవు. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019లో ఎయిర్‌బీఎన్‌బీని ఇళ్ల బ్రోకరుగా చూడకూడదంది, అది కంపెనీకి గెలుపు. 2020 సెప్టెంబరులో అదే న్యాయస్థానం, ఇళ్ల కొరతను తట్టుకోవడం ప్రజాప్రయోజనమేననీ, అందుకోసం పారిస్ ముందస్తు అనుమతి అడగవచ్చనీ చెప్పింది. అది నగరాల గెలుపు. ఎడిన్‌బరో తెచ్చిన లైసెన్సు విధానంలో కొన్ని భాగాలు చెల్లవని స్కాట్లండ్ కోర్టు 2023లో తేల్చింది.

అమెరికాలో 2022 ఆగస్టు ఒక్క నెలలోనే రెండు తీర్పులు రెండు వైపులకు పోయాయి. మొదటిది జెర్సీ సిటీది. తెలుగువాళ్లతో సహా భారతీయులు పెద్ద సంఖ్యలో ఉండే ఊరు అది. ఓనరు లేని ఇంటికి ఏడాదికి 60 రాత్రుల హద్దు, అద్దెకున్నవాళ్లు తిరిగి రోజు అద్దెకివ్వడానికి వీల్లేదు అన్న నిబంధనలను 2019 నవంబరులో అక్కడి ఓటర్లు భారీ మెజారిటీతో ఆమోదించారు. పెట్టుబడి పెట్టినవాళ్లు కోర్టుకెళ్లారు. వాళ్ల ఆస్తి హక్కును నగరం లాగేసుకోలేదని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. కొద్ది రోజులకే మరో అప్పీళ్ల కోర్టు, నివాసపు వీధుల్లో రోజు అద్దెకివ్వాలంటే ఓనరు అక్కడే ఉండాలన్న న్యూఆర్లియన్స్ నిబంధనను కొట్టేసింది, బయటి రాష్ట్రాలవాళ్ల మీద అది వివక్ష అంటూ. ఆ నగరం తర్వాత ఒక్కో బ్లాకుకు ఒక ఇల్లు అన్న పద్ధతికి మారింది. తెలుగు కుటుంబాలు స్థిరపడిన టెక్సాస్‌లోనూ ఇదే అస్థిరత. డాలస్ 2023లో కుటుంబ ఇళ్ల కాలనీల్లో వీటిని నిషేధిస్తే కోర్టు ఆపేసింది. పక్కనే ఉన్న ప్లేనో 2024లో కొత్తవాటికే తలుపు మూసి, పాతవాటిని నమోదు చేసుకోమంది. కొన్నవాళ్ల నెత్తిన ఒక్కసారిగా బండ వేయకపోవడం కోర్టు గొడవల్ని తగ్గించే మార్గం.

మలేషియా అత్యున్నత న్యాయస్థానం 2020లో ఇంకో మాట చెప్పింది: నగరం నిషేధించకపోయినా, అపార్టుమెంటు సంఘమే తన నియమాలతో రోజు అద్దెలను ఆపవచ్చు. ఫ్లాట్లలో బతికే ఆసియా నగరాలకు ఇది పనికొచ్చే తీర్పు.

మన దగ్గర

భారత్‌లో చర్చ తలకిందులుగా నడుస్తోంది. ఇక్కడ ప్రభుత్వాలు హోమ్‌స్టేలను ప్రోత్సహించే పనిలో ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఒక మంచి షరతు ఉంది: ఒకటి నుంచి ఆరు గదుల వరకే, ఓనరు కుటుంబం అక్కడే నివసించాలి. న్యూయార్క్ పదమూడేళ్ల గొడవ తర్వాత చేరుకున్న గీత ఇంచుమించు ఇదే. కానీ ఈ పథకంలో చేరడం ఓనరు ఇష్టం. చేరకుండా యాప్‌లో పెట్టేస్తే అడిగే ఏర్పాటు చాలా ఊళ్లలో లేదు. పర్యాటక వ్యాపారాల నమోదుకు 1982 నుంచీ చట్టం ఉన్న గోవాలోనే, బయటి నగరాలవాళ్లు కొన్న విల్లాల మీద పల్లెల్లో నీటికీ, చెత్తకూ సంబంధించిన ఫిర్యాదులు ఆగలేదు.

హైదరాబాద్‌లో గొడవ ఎక్కువగా అపార్టుమెంట్ల అసోసియేషన్లలో జరుగుతుంది. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఫ్లాట్లను సర్వీసు అపార్టుమెంట్లుగా తిప్పేవాళ్లకూ, అక్కడే కాపురముండేవాళ్లకూ మధ్య వాచ్‌మన్ నలిగిపోతాడు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం కింద రాసుకునే బైలాలే సంఘాల చేతిలో ఉన్న ఆయుధం. రోజు అద్దె అన్న మాట వాటిలో చాలాచోట్ల ఉండదు.

గిరిజన ఏజెన్సీ ప్రాంతాల సంగతి వేరు, మరింత తీవ్రమైనది. అరకు, లంబసింగి, వంజంగి చుట్టూ గుడారాలు, కాటేజీలు లేచాయి. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకివ్వడమూ చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆ రక్షణను మరింత గట్టి చేసింది. అయినా ఆదివాసీ పేరు ముందు పెట్టి మైదాన ప్రాంతపు పెట్టుబడి వెనక నడుస్తోందన్న ఫిర్యాదులు అక్కడి నుంచి వినిపిస్తూనే ఉన్నాయి. బార్సిలోనాలో ప్రశ్న అద్దె గురించి. ఇక్కడ ప్రశ్న భూమి గురించి. ఆదివాసీ కుటుంబం తన ఇంట్లో అతిథిని దించుకుని సంపాదించుకోవడానికి రక్షణ ఇస్తూనే, దాని చాటున భూమి చేతులు మారకుండా చూడాలంటే, హోమ్‌స్టే నమోదులో అక్కడ నివసిస్తున్నదెవరు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందన్న రెండూ అడగాలి. 2027 గోదావరి పుష్కరాల కోసం ఇళ్లలో యాత్రికులకు బస ఏర్పాట్లు చేసే పట్టణాలకూ ఈ రిజిస్టరు ముందే ఉండటం మంచిది. ఇళ్లు వ్యాపారానికి మళ్లాక రిజిస్టరు తెరవబోయిన నగరాల్లో చాలావి కోర్టుల్లో ఏళ్లు గడిపాయి.

ఇంకా తేలనివి

న్యూయార్క్‌లో మూసుకుపోయిన గిరాకీ కొంత నది దాటి జెర్సీ వైపు పోయింది. ఒక పట్టణం చేసిన చట్టం భారం పక్క పట్టణం మీద ఎంత పడుతుందో కొలిచిన పని తక్కువ. ముప్పై రోజుల గీత పెట్టిన చోట్ల ముప్పై ఒక్క రోజుల అద్దెలు పుట్టుకొచ్చాయి. వీటిలో దిగేవాళ్లు పర్యాటకులా, తాత్కాలిక ఉద్యోగులా, ఇల్లు దొరకని స్థానికులా అన్నది ఊరికో తీరు. ఒక గది అద్దెతో ఇంటి అప్పు తీర్చుకునే వృద్ధ దంపతులను వదిలిపెట్టి, ఇళ్లు పోగేసేవాళ్లను మాత్రమే పట్టే వల ఇంతవరకు ఎవరూ అల్లలేదు. న్యూయార్క్ వలలో కుటుంబాలు నివసించే రెండు వాటాల ఇళ్ల ఓనర్లూ పడ్డారు, సడలించాలని వాళ్లు అడుగుతున్నారు. వాళ్ల కోరిక న్యాయమైనదే.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష బార్సిలోనాది. మేయర్ జౌమె కొల్‌బోని 2024 జూన్‌లో ఆ నగరంలోని 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని ప్రకటించారు. దానికి ఆధారమైన కాటలోనియా ఉత్తర్వు చెల్లుతుందని స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2025 మార్చిలో చెప్పింది. పరిహారం కోసం ఓనర్లు పోరాడుతున్నారు. ఆ పదివేల ఇళ్లలో ఎన్ని కాపురాలకు తిరిగొస్తాయి, ఎన్ని నెలవారీ అద్దెల్లోకి జారుకుంటాయి, ఎన్ని తాళం పడి ఉంటాయి అన్నది ఒక్కో ఇంటికీ విడివిడిగా లెక్కించాలంటే, ఇప్పుడు ఆ ఫ్లాట్లలో, వాటి పక్కవాటిలో ఉంటున్నదెవరో నగరం ముందే నమోదు చేసి పెట్టుకోవాలి. అందుకు 2028 నవంబరు దాకానే గడువుంది.